తీర్థం పోసిన బ్యాటరీ

బ్యాటరీ చచ్చిపోయిందని మా పెద్దమామ వీధి మొదటి నుంచి చివరి దాకా చాటుకొచ్చాడు. చావడానికి అదేమన్నా దిక్కులేనిదా? ఏడాదికి పైగా చంటిపిల్లను సాకినట్టు సాకాను దాన్ని. నా చేతుల మీద ఆసిడ్ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే చూసుకోండి. నేనుండగా అదెట్లా చస్తుంది?

మొదట్నుంచీ చెప్తాను. నా పేరు భీమాబాయి. మాది ఆదోని. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. గుడి పూజ, పంచాంగం, పిల్లలకు చదువు చెప్పడం, తరతరాలుగా మా అత్తవారింట మగవాళ్ళ పని ఇదే. మా ఆయన ఒక్కడే గాడి తప్పాడు. బళ్ళారి పోయి ఆయిల్ ఇంజన్ల పని నేర్చుకొచ్చాడు. పేరు వెంకోబారావు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. జైలు తగ్గించలేని ఆయుష్షును నా నోరు తగ్గిస్తుందా? వెంకోబారావు, వెంకోబారావు. ఇంకా కావాలా?

ఆదోని పత్తి మిల్లుల్లో, ఎమ్మిగనూరు వేరుశనగ మిల్లుల్లో, దేవనకొండలో, చిప్పగిరిలో, ఎక్కడ ఇంజను మొరాయించినా ఆయనకు కబురొచ్చేది. అన్ని ఊళ్ళు తిరగాలంటే ఎద్దులబండి మీద అవుతుందా? బళ్ళారిలో ఒక దొర సీమకు పోతూ మోటారు సైకిలు అమ్ముతుంటే కొన్నాడు. నా చేతి గాజులు అందులోనే పోయాయి. పోతే పోయాయి. వీధి పిల్లలు దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్ళు. మా పెద్దమామ వాదిరాజాచార్ మాత్రం దయ్యపు గుర్రం అనేవాడు. గంట కొట్టాల్సిన చేత్తో స్పానరు పట్టాడని తమ్ముడి కొడుకు మీద ఆయనకు కడుపుమంట. మా మామగారు పోయాక ఇంటికి పెద్ద ఆయనే. ఆయన మాటకు ఎదురు చెప్పిన ఆడది ఆ ఇంట్లో అప్పటిదాకా పుట్టలేదు, మెట్టలేదు.

ఎమ్మిగనూరు దారిలో జనం లేని చోట ఆపి, మా ఆయన నాకు బండి నడపడం నేర్పాడు. మేము కట్టేది కచ్చె చీర, కుచ్చెళ్ళు కాళ్ళ నడుమ నుంచి వెనక్కి దోపేది. గుర్రం ఎక్కినా గోడ దూకినా కాళ్ళకు అడ్డం రాదు. నేను బండి నడుపుతానన్న సంగతి మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే పెద్దమామ మా ఇద్దరికీ తలంట్లు పోసి ప్రాయశ్చిత్తం చేయించేవాడు.

నలభై రెండు ఆగస్టులో తాలూకా ఆఫీసు ముందర జెండా పట్టుకుని నిలబడ్డాడని పోలీసులు ఆయనను పట్టుకున్నారు. ఒక పంచె తెచ్చుకుంటానంటే ఇద్దరు జవాన్లను వెంటబెట్టి ఇంటికి పంపారు. జవాన్లు గుమ్మంలో నిలబడి ఉంటే ఈయన నన్ను పెరట్లో బండి దగ్గరికి పిలిచాడు. ఏదో నాలుగు ధైర్యం మాటలు చెప్తాడనుకున్నాను.

"భీమా, బ్యాటరీ మరిచిపోవద్దు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నేనెట్లా బతకాలో చెప్పకుండా బ్యాటరీ సంగతి చెప్తాండారా?" అన్నాను.

"అది బతికితేనే మనం బతికేది" అన్నాడు. "బండి ఏడాది నిలబడినా తుడిస్తే తళతళలాడతాది. బ్యాటరీని నెల వదిలేస్తే లోపల తెల్లగా ఉప్పు పడతాది. ఇంక లేవదు. ఈ యుద్ధంలో కొత్తది యాడ దొరుకుతాది? ఈ బండికి బ్యాటరీ లేకుంటే నిప్పురవ్వే పుట్టదు. నేను బయటికొచ్చినాక జైలు మనిషికి కొలువెవరిస్తారే? ఇంజన్ల పనే గతి. బండి లేకుంటే ఇంజన్లూ లేవు, పెద్దమామ అరుగు మీద కూర్చుని ఆయన పెట్టింది తినాల."

ఇదీ సంగతి. అన్నమూ అదే, మానమూ అదే. నవ్వకండి మరి.

ఒక చెక్కపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. అందులో సామాను నాకు ముందే తెలుసు, ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని చూసినదాన్నే. గాజు గొట్టం ఒకటి, పైన రబ్బరు బుడగ, లోపల సన్నటి తేలుడు. ఆయన దాన్ని హైడ్రోమీటర్ అనేవాడు, నాకు తేలుడుగొట్టం. బ్యాటరీ నోట్లో పెట్టి ఆసిడ్ పీలిస్తే, చార్జి ఉన్నప్పుడు తేలుడు పైకి నిక్కుతుంది, తగ్గితే దిగిపోతుంది. జేబు గడియారంలాంటి మీటరు ఇంకొకటి. రెండు తీగలు కట్టిన చిన్న బల్బు. తీగలు బిగించే చోట పచ్చ చిలుము పట్టకుండా పూయడానికి వాజలీను డబ్బీ. వాననీళ్ళకు ఒక పింగాణీ జాడీ.

"బావి నీళ్ళు పోయొద్దు, ఉప్పుంటాది. వాననీళ్ళే పొయ్యి. ఇంకొకటి. నీళ్ళు పోసిన వెంటనే కొలవొద్దు. పోసిన నీళ్ళు పైన్నే నిలబడతాయి, ఆసిడ్ అడుగున ఉంటాది. గొట్టం పైనీళ్ళు పీల్చి అబద్ధం చెప్తాది. చార్జి ఎక్కి రెండూ కలిసినాకనే కొలువు." అంతలో జవాను దగ్గాడు. ఆయన పోయాడు.

ఆ రాత్రి ఏడ్చాను. తెల్లారి లేచి బ్యాటరీ మూతలు తీశాను.

మన రాయలసీమలో వాననీళ్ళంటే మాటలా? మబ్బు పట్టిందంటే చాలు, జాడీ మీద తెల్లగుడ్డ కట్టి నడి పెరట్లో పెట్టేదాన్ని. మిద్దె మీద పడి జారిన నీళ్ళు పనికిరావు, ఆకాశం నుంచి నేరుగా పడాలి. పట్టిన నీళ్ళు ఎవరూ ముట్టకుండా మడి నీళ్ళ పక్కన పెట్టేదాన్ని. ప్రతి ఆదివారం బ్యాటరీని తుడవడం, కొలవడం, తగ్గితే నీళ్ళు పోయడం. మా అత్త లక్ష్మీబాయి స్తంభానికి ఆనుకుని కూర్చుని అంతా చూసేది. ఎర్రచీర, తల మీద ముసుగు, మొగుడు పోయిన ఆడవాళ్ళకు మాలో అదే వేషం. మామగారు పోయినప్పటి నుంచి బావగారి ఎదుట, అదే మా పెద్దమామ ఎదుట, గొంతెత్తని మనిషి. తలుపు చాటు నుంచి గాజులైనా వినిపించవు, లేవు కదా.

"ఏమే భీమీ, దీనికి మూడు నోళ్ళేమే?" అనేది.

"మూడు గదులత్తా. మూడింటికీ సమానంగా తాపాల."

"బాలింతకు తాపినట్టు తాపుతాండావు. ఆ జిడ్డు డబ్బీ ఎందుకు, నెయ్యి రాయరాదా? నెయ్యి కన్నా మంచిదేముంది?"

"నెయ్యి మీకూ నాకూ లేదు, దీనికెక్కడి నుంచి తెచ్చేది?" అంటే నోరు నొక్కుకుని నవ్వేది. కొడుకు జైల్లో ఉన్న ఆ ఏడాది ఆమె నవ్వింది ఆ బ్యాటరీ దగ్గరే.

నీళ్ళు పోస్తే సరిపోతుందా? నెలకోసారి చార్జి ఎక్కించాలి. ఆదోనిలో గోవిందయ్యగారి పత్తి మిల్లులో ఇంజనుకు డైనమో ఉంది. ఆ ఇంజను మొరాయించినప్పుడల్లా తిప్పి నిలబెట్టింది మా ఆయనే, అందుకని మొదట్లో అక్కడే ఎక్కించి ఇచ్చేవాళ్ళు.

నలభై మూడు శ్రావణంలో గోవిందయ్యే మా ఇంటికి వచ్చాడు. ఊరక రారు మహానుభావులు. అరుగు మీద పెద్దమామ పక్కన కూర్చుని, కండువాతో విసురుకుంటూ మాట కలిపాడు.

"ఏం లేదు ఆచార్లు గారూ, మా పెద్దోడు ఫట్‌ఫటి కావాలని ఒకటే గలాటా. యుద్ధం మూలాన కొత్తవి సీమ నుంచి రావడంలేదు. మీ ఇంట్లో ఊరికే నిలబడి తుప్పు పడతాండాదంట కదా? మాకిస్తే వాడుకుంటాము. గుడి రథానికి చక్రాలు పుచ్చిపోయినాయని మీరు బాధపడతాండారు. కొత్త చక్రాలు నేను చేయిస్తా."

చక్రాలకు చక్రాలు. బేరం ఎంత అందంగా ఉందో చూడండి! పెద్దమామ ముఖం విప్పారింది. రథం ఆయనకు ప్రాణం, అది కాదనను. కానీ సొమ్మొకడిది, సోకొకడిది అయితే ఎట్లా?

"చచ్చిన బండి ఇంట్లో ఉంటే అరిష్టం. తీసుకుపోండి" అన్నాడు పెద్దమామ.

నేను తలుపు దాటి బయటికి వచ్చాను. అత్త వెనకనుంచి నా కొంగు లాగింది. విడిపించుకున్నాను.

"బండి చావలేదు పెద్దమామా" అన్నాను.

అరుగు మీద ఇద్దరూ నోళ్ళు తెరిచారు. బండి మాటకు కాదు, నేను మాట్లాడినందుకు.

"ఆడదానికి బండ్లతో ఏం పని? లోపలికి పో" అన్నాడు పెద్దమామ.

"నడిపే మనిషి వచ్చేదాకా కాపాడే పని. అది ఆయన చెమట, నా గాజులు. మీరు రథం లాగినట్టు లాక్కుపోతే ఆయన వచ్చి ఏం తింటాడు? మీ చక్రాలా?"

"ఒసే, నోరు!" అని లేచాడు. గోవిందయ్య ఆయన చేయి పట్టుకుని కూర్చోబెట్టి నావైపు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టబుద్ధయింది.

"చావలేదంటాండాది కదా ఆయమ్మ. అయితే నడవాల కదా. నడిస్తే ఉంచుకోనీ, నడవకుంటే నాకిస్తుంది. ఏమ్మా?"

"విజయదశమి నాడు ఈ వీధిలోనే నడుస్తుంది. నడవకుంటే మీరే తోలుకుపోండి" అన్నాను. వెనక అత్త "అయ్యో" అన్నది వినిపించింది. అనేశాను కదా, ఇంక అంతే.

మర్నాటి నుంచి గోవిందయ్య మిల్లులో నా బ్యాటరీకి చోటు లేదు. డైనమో పాడైందట! ఆ డైనమోతోనే వాళ్ళ దీపాలు ధగధగా వెలుగుతుంటే. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అన్నారా? సరే, ఆదోని కాకుంటే ఎమ్మిగనూరు. అక్కడ వేరుశనగ మిల్లు ఇంజను నడిపే నరసప్ప మా ఆయనకు బాగా తెలిసినవాడు.

అప్పుడు బస్సులన్నీ బొగ్గు మీద నడిచేవి. వెనక ఒక పెద్ద పొయ్యి, దాన్ని విసరడానికొక మనిషి. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాలి. బ్యాటరీని చెక్కపెట్టెలో పెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు టాపు మీద వేస్తానన్నాడు. ఒలికితే నీ బస్సుకు చిల్లు పడుతుందన్నాను.

"ఏందమ్మా దాంట్లో?"

"మా ఇంటి దేవుడు" అన్నాను. నమ్మాడు. తోటి ఆడవాళ్ళు రెండు చేతులూ జోడించారు. దిగేసరికి ఆ దేవుడు నా చీరకు అరచేతి మేర చిల్లులు పెట్టాడు. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన చీరే, ఎమ్మిగనూరులోనే పోయింది.

నరసప్ప నన్ను చూసి ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. "అయ్య సెయ్యి పడి బతికిన ఇంజనమ్మా ఇది. దీని కరెంటు అయ్య బండికి కాక ఇంకెవురికి? ఆ నీడకు కూకో తల్లీ" అన్నాడు. డైనమో నుంచి తీగ తెచ్చి, మధ్యలో ఒక బల్బు పెట్టి బ్యాటరీకి తగిలించాడు. ఆ బల్బు లేకుంటే కరెంటు ఒక్కసారిగా మీద పడి బ్యాటరీని ఉడికిస్తుంది. నేను మూతలు తీశాను. పక్కన ఒకడు బీడీ ముట్టించబోతే నరసప్ప వాడి నోట్లో బీడీ లాగి పారేశాడు. బ్యాటరీ చార్జి ఎక్కేటప్పుడు వచ్చే గాలికి నిప్పు తగిలితే పేలుతుంది. సాయంత్రానికి మూడు గదుల్లోనూ బుడగలు సన్నగా పొంగాయి. తేలుడు నిక్కి నిలబడింది. దాన్ని చూస్తే నా వెన్ను కూడా నిటారయింది.

దసరాకు ముందు ఇంకోసారి పోయి నిండా ఎక్కించుకొచ్చాను. నరసప్ప మాటిచ్చాడు. "దశమి పొద్దున ఫస్టు బస్సుకు నేనే వస్తా. ఇంజను స్టార్టుకు పెట్టుకున్న పెట్రోలు ఒక సీసా తెస్తా. కిక్కు నేను కొడతా. నువ్వు నడివీధిలో కొడితే బాగుండదు కదమ్మా." టాంకీ అడుగున కాస్త పెట్రోలు ఉందిలే అన్నాను.

మహానవమి నాడు ఆయుధపూజ. ఆయన స్పానర్లు, సుత్తెలు, తేలుడుగొట్టం అన్నీ కడిగి దేవుడి ముందర పేర్చాను. బ్యాటరీని కూడా పెట్టాను, దీపానికి దూరంగా. అత్త గంధం పెట్టి, పువ్వు పెట్టి, కొడుకును తలుచుకుని కళ్ళు తుడుచుకుంది. మూతల దగ్గర వేలు పెట్టి ఇట్లా తిప్పితే వస్తాయి కదా అంది. అవునన్నాను. ఎందుకడిగిందో అప్పుడు నాకు తట్టలేదు.

దశమి పొద్దున బ్యాటరీని బండికి బిగించి, బండిని వీధిలోకి తోసుకొచ్చి నిలబెట్టాను. వీధి వీధంతా అరుగులెక్కింది. గోవిందయ్య తన లారీ మెకానిక్ జయన్నను వెంట తెచ్చుకున్నాడు. పెద్దమామ పట్టుపంచె కట్టుకుని పెళ్ళిపెద్దలా నిలబడ్డాడు. నరసప్ప మాత్రం లేడు. ఫస్టు బస్సు రాలేదు. దారిలో ఎక్కడో ఆగిందట.

"ఎంతసేపమ్మా?" అన్నాడు గోవిందయ్య. "జయన్నా, బ్యాటరీ చూడు. ప్రాణముందో లేదో ముందు తేలిపోతాది."

జయన్న తన గొట్టం తీసి, మూత తిప్పి, లోపల పెట్టి పీల్చాడు. ఎత్తి అందరికీ చూపించాడు. తేలుడు అడుగుకు దిగబడిపోయింది. రెండో గది. అదీ అంతే. మూడోది. అదీ.

"సచ్చిందన్నా. సుక్క పానం లేదు" అన్నాడు.

రెండు రోజుల కింద నిక్కి నిలబడిన తేలుడు ఇది. ఎవరు ఏం చేశారు? పెద్దమామ వైపు చూశాను. ఆ క్షణాన ఆయననే అనుమానించాను, దాచడమెందుకు? ఆయన అప్పటికే బండి తాళం కోసం చేయి చాపాడు.

"ఇదిగో, చెప్పలేదూ? చచ్చిన దాన్ని పట్టుకుని ఏడాది వేలాడింది. తాళం ఇయ్యి. నీ మొగుడు జైల్లో కుళ్ళుతాండాడు, ఇది ఇంట్లో కుళ్ళుతాండాది."

ఆ మాట లేకపోతే నేను ఏమై ఉండేదాన్నో. తాళం ఇచ్చేసేదాన్నేమో కూడా. ఆ మాట పడింది. నా చేయి బిగుసుకుంది. జయన్న చేతిలో గొట్టాన్ని లాక్కుని వెలుతురుకు పట్టి చూశాను.

లోపల తేలుడు పక్కన ఒక తులసాకు అతుక్కుని ఉంది.

ఆకుపచ్చగా, తాజాగా. నేను అత్త వైపు తిరిగాను. తలుపు సందులో ఆమె ముఖం వెలిగిపోతోంది.

"అత్తా, ఏం పోసినారు దీంట్లో?"

"తీర్థమే!" అంది సంబరంగా. "నీ వాననీళ్ళ కన్నా మడి కదే. మంత్రాలయం నుంచి తెచ్చిన తుంగభద్ర తీర్థం. తెల్లవారి నిర్మాల్యం తీసినాక మూడు నోళ్ళకూ పోసినాను, గొంతు దాకా. మూతలు నువ్వు బిగించినట్టే బిగించినానే!"

వీధి గొల్లుమంది. జయన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. గోవిందయ్యయితే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అత్త ముఖంలో వెలుగు ఆరిపోయింది. "తప్పు చేసినానా భీమీ? నా చేతులతో నేనే చెడగొట్టినానా?" అంది.

అప్పుడు మా ఆయన మాట నా చెవిలో మోగింది. నీళ్ళు పోసిన వెంటనే కొలవొద్దు. పైనీళ్ళు పీల్చి అబద్ధం చెప్తాది.

"మీరేం చెడగొట్టలేదత్తా" అన్నాను. "ఈ జయన్న కొలిచింది మీ తీర్థాన్ని. బ్యాటరీని కాదు."

తీగల చిన్న బల్బును తీసి తగిలించాను. ఎండలో కూడా కనబడేటట్టు వెలిగింది.

"అది సిన్న బల్బమ్మా. ఇంజను పలకాల కదా?" అన్నాడు జయన్న, ఈసారి కాస్త తగ్గి.

"పలుకుతుంది. తప్పుకో."

"ఎవరు పలికిస్తారు?" పెద్దమామ నాకూ బండికీ నడుమ వచ్చి నిలబడ్డాడు. "నరసప్పో ఎవడో వస్తాడంటివి, రాలేదు. మగవాడు లేడు. ఇంటి కోడలు నడివీధిలో కాలెత్తి ఇనుమును తంతుందా? మా వంశంలో అట్లా జరగలేదు."

"మీ వంశంలో జైలుకు పోయిన మగవాడు కూడా ఆయన ఒక్కడే పెద్దమామా. ఆయన పెళ్ళాన్ని నేను" అన్నాను. కొంగు నడుముకు చుట్టి బిగించాను. కచ్చె సరిచూసుకున్నాను. పెద్దమామ జరగలేదు. "జరగకుంటే మీ కాలి మీద పడుతుంది నా కాలు" అన్నాను. జరిగాడు.

మొదటి కిక్కుకు దగ్గింది. రెండో కిక్కుకు అదీ లేదు. వీధిలో నవ్వు మళ్ళీ మొదలయింది. టాంకీ కింద పెట్రోలు కొళాయి తిప్పడం మరిచానని అప్పుడు చూసుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. తిప్పాను. దేవుణ్ణి తలచుకోలేదు, మా ఆయననూ తలచుకోలేదు. పెద్దమామ అన్న మాటను తలచుకుని తన్నాను.

ఫట్. ఫట్. ఫట్‌ఫట్‌ఫట్‌ఫట్!

అరుగుల కింద కుక్కలు లేచి పారిపోయాయి. జయన్న "అబ్బ!" అన్నాడు, పాపం పనివాడు కదా, మంచి చప్పుడు వింటే నోరు ఆగదు. బండి దీపం పైనున్న చిన్న మీటరులో ముల్లు చార్జి వైపుకు ఒరిగింది. బండి డైనమో పెడుతుంటే బ్యాటరీ తింటోంది.

"సరే, పలికింది. పలికితే చాలా? నడవాల కదా మాట?" అన్నాడు గోవిందయ్య, ఇంజను మీదుగా అరుస్తూ.

నేను బండి ఎక్కి కూర్చున్నాను. వీధి అంతా అరుగుల అంచులకు జరిగింది. అప్పుడు మా అత్త గుమ్మం దాటింది. ముసుగు సర్దుకుని, మెట్లు దిగి, బావగారి ముందు నుంచే నడిచి వచ్చి నా భుజం పట్టుకుంది.

"యాడికి లక్ష్మీబాయీ?" అన్నాడు పెద్దమామ. ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం నేను విన్నది అప్పుడే.

"బన్నికి" అంది అత్త. "నా కొడుకు బండి. నా తీర్థం పోసిన బండి. నేను కాక ఇంకెవరు ఎక్కుతారు?"

ఎక్కి కూర్చుంది. కచ్చె చీర అన్నాను కదా.

జమ్మిని మావైపు బన్ని అంటారు. దశమి నాడు ఊరి పొలిమేర దాటి పోయి బన్ని ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి మొక్కాలి, వాళ్ళు "బంగారంలా ఉండు" అని దీవించాలి. పగవాడు ఇచ్చినా కాదనకూడదు. మామగారు పోయినప్పటి నుంచి మా అత్త దశమికి పొలిమేర మొహం చూడలేదు. ఎవరూ రమ్మనలేదు.

వీధి మలుపులో బండి ఒకసారి వంకర పోయింది. అత్త నా నడుము గట్టిగా పట్టుకుని "రాయరే, రాయరే" అని మంత్రాలయం స్వామిని పిలిచింది. బజారులో జనం రెండు పాయలయ్యారు. ఊరు దాటాక ఎమ్మిగనూరు దారిలో బొగ్గు బస్సు అడ్డంగా నిలబడి ఉంది. జనమంతా దిగి విసురుతున్నారు. నరసప్ప మసి ముఖంతో పెట్రోలు సీసా చంకన పెట్టుకుని రోడ్డు మీదకు వచ్చి మమ్మల్ని చూశాడు. నన్ను చూసి, నా వెనక ఎర్రచీర చూసి, సీసా కింద పడేయబోయాడు.

"అమ్మా, కిక్కు ఎవురు కొట్టిరి?" అన్నాడు.

"ఎవరో ఒకరు" అన్నాను. సీసాలోది టాంకీలో పోశాడు, నేను ఇంజను ఆపకుండానే. ఆ పని చేయకూడదు. ఆపితే ఆ తీర్థంతో మళ్ళీ లేస్తుందో లేదోనని భయం. బయటికి చెప్పలేదు.

పొలిమేర దాటాక జమ్మి చెట్టు దగ్గర అత్తే దిగి ఆకు కోసింది. కోస్తూ వలవలా ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. తిరిగి వచ్చేసరికి వీధిలో జనం ఎట్లా ఉన్నవాళ్ళు అట్లాగే ఉన్నారు. గోవిందయ్య మాత్రం లేడు, ఇంట్లో పూజ ఉందట. పెద్దమామ అరుగు ముందర నిలబడి ఉన్నాడు. బండి ఆయన పక్కన ఆపాను. ఇంజను ఆపలేదు.

దిగి ఆయన కాళ్ళకు మొక్కాను. ఆసిడ్ మచ్చల చేత్తో బన్ని ఆకు ఆయన చేతిలో పెట్టాను. వీధి అంతా చూస్తోంది. ఆయన చేయి వెనక్కి పోబోయి ఆగింది. ఆకు తీసుకున్నాడు.

"బంగారంలా ఉండు" అని గొణిగాడు.

మా అత్త బండి మీద నుంచే, ముసుగు వెనక్కి తోసి, వీధి చివరి దాకా వినపడేటట్టు అంది. "గట్టిగా చెప్పండి బావగారూ. ఇంజను చప్పుడులో వినపడలేదు."

ఆయన మళ్ళీ గట్టిగా చెప్పాడు.